వేడి మీద మొరాయించే బండి

పొద్దున ఆరింటికి ఆ బండికి తాళం చూపిస్తే చాలు, లేచేది. మదనపల్లెలో చలికాలం పొద్దు ఎట్లుంటుందో ఈ పక్కవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. పాలాయన కూడా గిన్నె పట్టుకోకుండా చేతులు చంకల్లో పెట్టుకోనే పిలుస్తాడు. అట్లాంటి చలిలో కూడా ఇంజన్ని వెచ్చబెట్టే హీటర్లు కాసేపు వెలిగించి సెల్ఫ్ కొడితే రెండో చుట్టుకే అందుకునేది. అదే బండిని మధ్యాహ్నం పుంగనూరులో పావుగంట ఆపి మళ్ళా తాళం తిప్పితే కిర్రుకిర్రుమని తిరుగుతానే ఉండేది, లేచేది కాదు. అందరి బండ్లూ చల్లగా ఉంటే మొరాయిస్తాయి. నాకు దొరికింది వేడెక్కితే మొరాయించేది. ఏమే నీ బాధ, అని బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసార్లు అడిగినాను. చెయ్యి కాలింది తప్ప జవాబు రాలేదు.

తెల్ల డీజిల్ కారు. నాది కాదు. మదనపల్లెలో పట్టుగూళ్ళు కొని దారం తీయించే ఒక పెద్దాయనది. తొంభైల చివరి సంగతి ఇది. వారానికి మూడు నాలుగు దినాలు ఆయన గూళ్ళ మార్కెట్లు తిరిగేవాడు, పుంగనూరు, పలమనేరు, కుప్పం. ఆయన వెనక సీట్లో, నేను ముందు. నేను ఆయన్ని అన్నా అనేవాడిని. ఆయన నన్ను ఏమప్పా అనేవాడు, కోపమొస్తే ఆ అప్పా కూడా మింగేసేవాడు.

ఆ సీటు నాకెంత గొప్పదో చెప్పాలంటే దానికి ముందు కూర్చున్న సీటు గురించి చెప్పాల. ఏడో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరు వదిలేసుకున్నాక టమాటా లారీ క్లీనరుగా ఎక్కినాను, తర్వాత డ్రైవరునైనాను. పన్నెండేండ్లు మద్రాసుకు టమాటా తోలినాను. టమాటాకు ఓపిక లేదు. నిద్రొస్తాండాదంటే వినదు, కడుపు నొప్పంటే వినదు, అడుగు బుట్టల్లోంచి రసం కారుస్తా వెనక నుంచి తరుముతానే ఉంటుంది. నడుం పోయింది. ఇంట్లో నా పిల్లకాయలు నన్ను చుట్టం మాదిరి చూడబట్టినారు. అట్లాంటప్పుడు దొరికింది ఈ కారు. దీపాలు పెట్టేలోపల ఇంటికొచ్చేవాడిని, సంగటి వేడిగా తినేవాడిని. ఇంక లారీ ఎక్కనని నా భార్యకు మాటిచ్చినాను. ఇచ్చిన ఏడాదికే బండికి ఈ రోగం పట్టింది.

మొదట్లో నాకది రోగంగా కాదు, నా తెలివికి పెట్టిన పరీక్షగా కనపడింది. దిగుడు మీద ఆపితే సెల్ఫుతో పనిలేదు, న్యూట్రల్‌లో దొర్లించి రెండో గేరులో క్లచ్చి వదిలితే లేస్తుందని కనుక్కున్నాను. అంతే, మూడు ఊర్లలో యాడ దిగుడుందో నాకు బట్టీ వచ్చేసింది. బడిలో చరిత్ర పాఠం ఇట్లా వచ్చుంటే ఇప్పటికి అయ్యవారైపోయుండేవాణ్ణి. మదనపల్లెలో కోర్టు దగ్గర ఒకటి, పుంగనూరు గూళ్ళ మార్కెట్టు గేటుకు పైన ఒకటి, కుప్పంలో రైల్వేగేటు దాటినాక ఒకటి. పెద్దాయన టీ తాగాలంటే ఆయనకు నచ్చిన అంగడి కాదు, నా దిగుడు పక్కనుండే అంగడే. "ఈడ టీ బాగుండదప్పా" అనేవాడు. "అలవాటైతే బాగుంటాదన్నా" అనేవాణ్ణి.

దిగుడు దొరకని చోటికి ఇంకో ఉపాయం. డిక్కీలో ఒక క్యాను నీళ్ళు, ఒక గోనెపట్ట. పట్ట తడిపి ఇంజను మీద వేసి కాసేపుంటే లేచేది. మొదట అన్నిచోట్లా వేసి చూసినాను, రేడియేటరు మీద, బ్యాటరీ మీద, సెల్ఫ్ మోటారు మీద. డీజిల్ పంపు మీద వేస్తేనే లేచేది. సరే, దీనికి ఈడ దాహం, అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. ఉపాయం దొరికితే మనిషి ఆడే ఆగిపోతాడు.

ఆగిపోయి ఎనిమిది నెల్లు నడిపినాను. చెప్పినంత సులభం కాదది. ఆపిన ప్రతిసారీ లోపల ఒక బరువు. భోజనానికి కూర్చున్నా బండి దిక్కే చూపు, ఎవరన్నా దాని ముందర లారీ పెడతారేమోనని. పెద్దాయన "ఐదు నిముషాల్లో వస్తా" అని దిగితే ఇంజను ఆపకుండా ముప్పావుగంట అట్లే గుడుగుడుమనిపిస్తా కూర్చునేవాణ్ణి. ఆ అదురు కుర్చీలోంచి నడుంలోకి, నడుంలోంచి పండ్లలోకి ఎక్కేది. ఇంటికి పోయి పండుకున్నా ఒళ్ళు ఆగేది కాదు. లారీ వదిలి వచ్చింది ఇందుకేనా అనిపించేది.

బండిని డాక్టర్లకు చూపించకపోలేదు. మదనపల్లెలో మా మెకానిక్కు మంచి పనోడే. ఆయనతో వచ్చిన చిక్కేమంటే, బండిని ఎప్పుడు తీసుకపోయినా "ఆ మూల పెట్టి పో, చూస్తా" అనేవాడు. చేతిలో పని అయ్యి దీని దగ్గరకొచ్చేసరికి రెండు గంటలయ్యేది. అప్పటికి ఇంజను చల్లబడి బుద్ధిమంతురాలై కూర్చునుండేది. తాళం తిప్పుతానే లేచేది.

"ఏమప్పా, బాగుండాది గదా."

"ఇప్పుడు బాగుంటాది. మధ్యాహ్నం చూడాల."

"మధ్యాహ్నం నువ్వు గూడా బాగుండవు, నిన్నెవురన్నా విప్పి చూస్తాండారా?"

నలుగురూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, మాట బాగుంది కాబట్టి. ఒకసారి బ్యాటరీ మార్చినాడు. ఇంకోసారి సెల్ఫ్ మోటారు విప్పి బుష్షులు వేసినాడు. ఆ తర్వాత హీటర్లు నాలుగూ మార్చినాడు, చల్లగా ఉన్నప్పుడు పనికొచ్చే హీటర్లు వేడి మీద ఏం చేస్తాయని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. మార్చిన ప్రతిసారీ పొద్దున్నే రెండో చుట్టుకు లేచేది. అది ముందు నుంచీ లేస్తాండేదే గదా.

గుట్టు పుంగనూరులో రట్టయింది. ఎండాకాలం. నా దిగుడులో ఎవరో ట్రాక్టరు పెట్టుంటే కింద చదును నేల మీద ఆపాల్సి వచ్చింది. సరే, గోనెపట్ట ఉందిలే అనుకున్నాను. తీరా చూస్తే క్యానులో నీళ్ళు లేవు, పొద్దున నేనే అద్దం కడిగినాను. పెద్దాయన ఆ పొద్దు రెండు మూటల గూళ్ళు డిక్కీలో వేయించినాడు. పట్టుగూడంటే లోపల పురుగు బతికే ఉంటుంది, మూసిన డిక్కీలో ఎండకు పెడితే ఉడికి మరక పడుతుంది, దారం తెగిపోతుంది. ఆ భయం ఆయనకు. సెల్ఫ్ కొట్టినాను. కొట్టినాను. బ్యాటరీ కొత్తది కాబట్టి చాలాసేపు కొట్టగలిగినాను, అదొక్కటే లాభం.

మార్కెట్టులో ఆయనకు పోటీగా వేలం పాట పాడే వ్యాపారస్తులంతా గేటు దగ్గరికి వచ్చేసినారు. అందులో ఒకాయన అన్నాడు, "ఏమన్నా, గూళ్ళతో పాటు బండిని గూడా పాటకు పెడతాండావా? మొదటి పాట నాది."

ఇంకొకాయన, "రెండు పుంగనూరు ఆవుల్ని కట్టు, పొట్టివైనా ఈడస్తాయి."

చివరికి వాళ్ళే తోసినారు. పెద్దాయన కూడా పంచె పైకి దోపి ఒక చెయ్యి వేసినాడు. అద్దంలో నాకు ఆయన మొహం కనపడింది. ఆ మొహం చూశాక నాకు ఇంక జోకు రాలేదు.

 మదనపల్లెలో తన ఇంటి ముందర పెద్దాయన దిగి, తలుపు మూసి, కిటికీలోంచి అన్నాడు: "ఆదివారం బెంగుళూరు నుంచి బండ్ల బ్రోకరు వస్తాండాడు. ఆలోపల రోగమేందో తేల్చు. తేల్తే ఉంచుకుంటా. తేలకపోతే ఇచ్చేస్తా. అద్దె బండ్లలో తిరుగుతా, డ్రైవరుతో పన్లేదు."

ఆ పొద్దు మంగళవారం. ఇంటికి పోయి నా భార్యకు చెప్పినాను.  టమాటా మండీ నుంచి లారీ హారను మా ఇంటికి వినపడుతుంది, అది విని ఆమె మొహం అటు తిప్పుకునింది.

బుధవారం, గురువారం మెకానిక్కు దగ్గరే. ఆయన ఈసారి ఇంజను దించుదామన్నాడు. ఆదివారానికి దించిన ఇంజను నేల మీదుంటే బ్రోకరుకు పని సులభమవుతుంది, వద్దన్నాను. ఆడే టైర్లు మార్పించుకుంటాండిన ఒక టెంపో డ్రైవరు చెప్పినాడు, కుప్పంలో ఒక పెద్దమనిషి ఉండాడు, డీజిల్ పంపులు తప్ప ఇంకేదీ ముట్టడు, ఆయనకు చూపించు అని. శుక్రవారం పెద్దాయనకు కుప్పంలో పని ఉండనే ఉంది. ఆయన్ని మార్కెట్టు దగ్గర దించి, ఇంజను ఆపకుండా నేరుగా ఆ పంపు మనిషి దగ్గరికి తీసుకపోయినాను.

చిన్న రేకుల షెడ్డు. లోపల ఆసుపత్రి మాదిరి శుభ్రం. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద విప్పిన సామాన్లు వరసగా. మనిషికి అరవై ఉంటాయి, కళ్ళద్దాలు ముక్కు చివర. తెలుగులో కొంచెం అరవం కలుస్తుంది.

"ఏమప్పా, ఆఫ్ చెయ్."

"ఆఫ్ చేస్తే లేవదు సామీ, దానికే వచ్చినా."

"లేవనిది నేను సూడాల గదా. ఆఫ్ చెయ్."

ఇన్ని నెలల్లో ఆ మాట అన్న మొదటి మెకానిక్కు ఆయనే. ఆపినాను. పది నిముషాలు ఇద్దరం టీ తాగినాము. "ఇప్పుడు కొట్టు" అన్నాడు. కొట్టినాను. లేవలేదు. "మంచిది" అని గ్లాసు కింద పెట్టినాడు. బండి లేవకపోతే సంతోషించిన మనిషిని అప్పుడే చూసినాను.

బానెట్ ఎత్తలేదు. నన్నే చూస్తా అడగబట్టినాడు.

"ఇన్నాళ్ళూ ఎట్ల లేపుతాండావు?"

"దిగుడు మీద ఆపుతా. దొర్లిస్తే లేస్తాది."

"దిగుడు లేకపోతే?"

"తడి గోనెపట్ట ఏస్తా."

"యాడ ఏస్తావు?"

"పంపు మీద."

"ఇంజను ఇంత పెద్దదుండాది. పంపు మీదే యాల?"

"అన్ని సోట్లా ఏసి సూసినా. ఆడ ఏస్తేనే లేస్తాది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయితే నువ్వు రోగం కనుక్కోని ఎనిమిది నెల్లాయ. ఎవురికీ చెప్పకుండా గోనెపట్ట కింద దాచిపెట్టినావు."

 మెకానిక్కుకు నేను ఎన్నిసార్లు చెప్పినాను, మధ్యాహ్నం లేవదు అని? గోనెపట్ట సంగతి మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. అది నా ఉపాయం, చెప్తే నవ్వుతారని.

అప్పుడు బానెట్ ఎత్తినాడు. పంపు నుంచి ఇంజనుకు పోయే సన్న పైపు నట్టు ఒకటి వదులు చేసి, సెల్ఫ్ కొట్టేదానికి షెడ్డులో పనిచేసే పిల్లోణ్ణి నా సీట్లో కూర్చోబెట్టి నన్ను వచ్చి చూడమన్నాడు. డీజిలు చుక్కచుక్కగా, ముసలాయన ఉమ్మినట్ల గడ్డం మీదికే కారింది. తర్వాత పంపు మీద రెండు చెంబులు నీళ్ళు పోసి, చల్లారనిచ్చి, మళ్ళా కొట్టించినాడు. ఈసారి చిమ్మింది, నా చొక్కా దాకా వచ్చింది.

"లోపల ఒక ఇనుప కడ్డీ, దాని చుట్టూ గూడు. రెండిటికీ మధ్య వెంట్రుక దూరే సందు గూడా ఉండకూడదు. నీదాంట్లో అరిగిపోయింది. చల్లగా ఉంటే డీజిలు చిక్కగుంటాది, ఆ సందులోంచి జారదు. వేడెక్కితే పల్చనయ్యి జారిపోతాది, పైపులోకి జోరు రాదు. దిగుడులో చక్రాలు జోరుగా తిప్పుతాయి, జారేలోపల ఎక్కేస్తాది. సెల్ఫుకు అంత జోరు లేదు. అంతే."

అంతే. బ్యాటరీ, బుష్షులు, నాలుగు హీటర్లు, మూడు ఊర్ల దిగుళ్ళు, అన్నీ ఆ వెంట్రుక సందులోకి పోయినాయి.

నాకు ప్రాణం లేచి వచ్చింది. రోగం తేలింది, ఆదివారం గండం గడిచింది. ఆ సంతోషంలో ఏదో కూసినాను కూడా. ఆయన నా మాట వినకుండా వేలికంటిన డీజిలు రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసినాడు. టీ గ్లాసు కడిగి, ఫిల్టరు కింది నుంచి దాంట్లోకి కొంచెం డీజిలు వదిలి, వెలుతురుకు పట్టినాడు. నీలంగా ఉండింది.

"సీమనూనె యాడిది?" అన్నాడు, కిరసనాయిలును ఆయన అట్లే అనేది.

"బంకోడు కలిపింటాడు సామీ. ఈ కాలంలో ఎవుర్ని నమ్మేది?"

"ఈ నీలం రంగు రేషను నూనెకే వస్తాది. బంకోడు రేషను కార్డు తీసుకోని పోయి లైన్లో నిలబడతాడా?"

అప్పుడు నాకు మా ఇంట్లో ఉండే క్యాను కనపడింది. ఆ ముందటేడు మాకు గ్యాసు పొయ్యి వచ్చింది. రేషను కిరసనాయిలు మిగిలిపోతాండె. స్టాండులో డ్రైవర్లందరూ అనేవాళ్ళు, కొంచెం కలిపితే ఇంజను కడిగినట్ల ఉంటాది, పికప్ వస్తాదని. నేనూ కలిపినాను, ట్యాంకుకు ఒక క్యాను. అన్ని లీటర్ల డీజిలు మిగిలితే, పెద్దాయన డీజిలుకిచ్చిన ఆ డబ్బు నా జేబులోకి పోయింది, అదీ చెప్పాల. పాపమని నాకు అనిపించలేదు, అందరూ చేసేదే గదా అనుకున్నాను. దానికీ మధ్యాహ్నం మొరాయింపుకూ ముడి ఉందని కలలో కూడా తట్టలేదు.

"డీజిల్లో జిడ్డుంటాది, ఆ జిడ్డే పంపుకు ప్రాణం. సీమనూనెలో యాడిది? నువ్వు దాన్ని ఎండు గొంతుతో పరిగెత్తించినావు" అన్నాడు పంపు మనిషి. తిట్టలేదు. తిడితే బాగుండేది. "కొత్తది తెప్పించి ఏస్తా. మీ వోనరుకు పంపు అరిగిందని చెప్తా, అంతే నా మాట. యాల అరిగిందంటే నువ్వు చెప్పుకో."

పెద్దాయన్ని ఎక్కించుకొని బయల్దేరినాను. శాంతిపురం దాకా అద్దంలో చూస్తా చెప్పినాను, పంపు, కడ్డీ, గూడు, వెంట్రుక సందు, అన్నీ ఆ మనిషి చెప్పినట్లే. బాగా చెప్పినాను. ఆయన తలాడిస్తా విన్నాడు.

"సరే. అది యాల అరిగింది?"

"పాతదైంది గదన్నా."

"మా బామ్మర్దికి ఇదే బండి, దీనికంటే రెండేండ్లు పాతది. వానిది అరగలేదే?"

నేను గేరు మార్చినాను.

"కొత్తది ఏస్తే మళ్ళా అరగదని ఏం నమ్మకం? వచ్చిన రోగం తెలిసింది గానీ, యాల వచ్చిందో తెలీకపోతే తేలినట్ల కాదప్పా. ఆదివారం బ్రోకరుకు ఇచ్చేస్తాలే, ఈ తలనొప్పి నాకొద్దు."

బైరెడ్డిపల్లె వచ్చేదాకా నేను రోడ్డునే చూస్తా ఉండినాను. చెప్పకపోతే బండి పోతుంది, దాంతో నేనూ పోతాను. చెప్తే బండి ఉంటుంది, నేను ఉంటానో లేదో. రెండిటిలోనూ టమాటా లారీ నాకోసం ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. అలిసిపోయినాను. ఎనిమిది నెల్లుగా ఏదో ఒకటి కప్పుతానే ఉండినాను, ఇంక చేతిలో పట్ట లేదు.

"అన్నా, నేనే పోసినా. కిరసనాయిలు."

 చాలా దూరం పోయినాక అడిగినాడు, "ఎప్పట్నుంచి?"

"మా ఇంట్లోకి గ్యాసు వచ్చినప్పట్నుంచి."

"మీ ఇంటికి గ్యాసు వచ్చి నా బండికి రోగమొచ్చిందా?"

వేరే దినమైతే ఆ మాటకు ఇద్దరం నవ్వుండేవాళ్ళం. పలమనేరులో టీ అంగడి ముందర ఆపమన్నాడు. ఇంజను నడుస్తానే ఉంది. ఆయన దిగి ఒక టీ చెప్పినాడు. ఎప్పుడూ రెండు చెప్పేవాడు. నిలబడి మెల్లగా తాగినాడు, గ్లాసు పెట్టినాడు, వచ్చి కూర్చున్నాడు. మదనపల్లె దాకా అదే ఆఖరి మాట, ఆ చెప్పని టీ.

ఆదివారం బ్రోకరు వచ్చినాడు. బండి చుట్టూ తిరిగి టైర్లు తన్నినాడు. పెద్దాయన వసారాలోంచే "అమ్మేది లేదప్పా" అని చెప్పి పంపించేసినాడు. నా దిక్కు చూడలేదు. నేను గేటు దగ్గర నిలబడుకోనే ఉండినాను, పోవాల్నా ఉండాల్నా తెలీక. సాయంత్రం ఆయనే పిలిచినాడు. "రేపు కుప్పం పోయి పంపు ఏయించుకోని రా. తోలేది నువ్వే. డీజిలు పోయించేది నేను."

పంపు వేసినాక బండి ఏ వేళకైనా ఒక్క చుట్టుకు లేచేది. పెద్దాయన ట్యాంకు మూతకు తాళం పెట్టించినాడు. ఆ తాళంచెవి ఆయన మొలతాడుకు, గూళ్ళ గోడౌను తాళంచెవి పక్కనే. బంకు వచ్చిన ప్రతిసారీ ఆయన దిగేవాడు, పంచె పక్కకు జరిపి తాళంచెవి తీసేవాడు, మూత తెరిచి పక్కనే నిలబడి, పోయించి, మళ్ళా తాళం వేసి కూర్చునేవాడు. పుంగనూరు బంకులో ఒకడు అడిగినాడు, "ఏమన్నా, డ్రైవరు డీజిలు తాగుతాడా?"

"తాగడు. వేరేది తాపిస్తాడు."

అందరూ నవ్వినారు. జోకులు చెప్పేవాణ్ణి నేను, ఆ చోట మాత్రం ఎప్పుడూ నాదే వినే వంతు. ఇట్లా ఏండ్లు. జీతం ఆపలేదు, పండగకు బట్టలు ఆపలేదు, నా కూతురి పెండ్లికి ముందు వరసలో కూర్చున్నాడు. టీ కూడా మళ్ళా రెండు చెప్పబట్టినాడు. బంకులో మాత్రం దిగేవాడు.

రెండువేల సంవత్సరం దాటి చాలా దినాలకు ఆయనకు మోకాళ్ళు పట్టేసినాయి. ఒక మధ్యాహ్నం పుంగనూరు బంకులో ఆపినాను. ఆయన తలుపు తీసి ఒక కాలు బయట పెట్టి, మళ్ళా లోపలికి తీసుకున్నాడు.  తర్వాత మొలతాడు నుంచి తాళంచెవి విప్పి కిటికీలోంచి ఇచ్చినాడు. "నువ్వే పోయించుకోని రా."

ఇనుపది, ఆయన ఒంటి వేడికి వెచ్చగా ఉండింది. ట్యాంకు తెరిచినాను, పోయించినాను, మూత బిగించి తాళం వేసి, ఒకసారి లాగి చూసినాను. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆయన అరచెయ్యి అప్పటికే బయటికి చాపి ఉంది.

తాళంచెవి దాంట్లో పెట్టినాను. ఆయన మూసి పట్టుకున్నాడు. నేను పోయి నా సీట్లో కూర్చొని సెల్ఫ్ కొట్టినాను. ఎండ మండిపోతాండె, పొద్దున్నుంచి తిరిగిన ఇంజను. ఒక్క చుట్టుకు లేచింది.